మీకు తెలుసా? జబ్బు వచ్చే దారి

అంటురోగానికి కాళ్లుండవు. నీళ్లో, గాలో, దోమో, మన చెయ్యో మోసుకొస్తేనే అది ఊరు దాటుతుంది. మోసేదెవరో తెలిసిపోతే సగం పని అయినట్టే. మందు లేని రోజుల్లో కూడా మనిషి ఇలాగే రోగాన్ని నిలవరించాడు. ఆ సంగతులు కొన్ని చూద్దాం.

పంపు పిడి ఊడదీశారు!

1854 ఆగస్టు ఆఖర్లో లండన్‌లోని సోహో పేట మీద కలరా విరుచుకుపడింది. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అప్పటి పెద్ద వైద్యులు సైతం నమ్మేవారు. జాన్ స్నో అనే వైద్యుడికి మాత్రం నీళ్ల మీద అనుమానం. చనిపోయినవాళ్ల ఇళ్లు లెక్కేసుకుంటూ పోతే చాలావరకు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే తేలాయి. పంపు పక్కనే ఉన్న బీరు కార్ఖానా పనివాళ్లు మాత్రం నిక్షేపంలా ఉన్నారు. వాళ్లకు రోజూ బీరు ఉచితం కాబట్టి పంపు నీళ్ల జోలికి పోయేవారు కారు!

స్నో మాట మీద సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. జనం అప్పటికే పేట ఖాళీ చేసి పోవడంతో రోగం కొంత తగ్గుముఖం పట్టింది. మొత్తమ్మీద 600 మందికి పైగా పోయారు. జబ్బుపడ్డ ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పారబోసిన గుంత, పంపు బావికి కొద్ది అడుగుల దూరంలోనే ఉందని తర్వాత బయటపడింది. కలరాకు కారణమైన క్రిమి ఇదేనని రాబర్ట్ కాక్ మన కలకత్తాలో తేల్చింది 1884లో. అంటే, దొంగ పేరు తెలియడానికి 30 ఏళ్ల ముందే దొంగ వచ్చే దారి దొరికింది.

క్వారంటైన్ అంటే నలభై

ఆడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం (ఇప్పటి డుబ్రోవ్నిక్) 1377లో ఒక కట్టడి పెట్టింది. ప్లేగు ఉన్న ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు నెల రోజులు బయట ఆగితేగానీ నగరంలోకి రానివ్వరు. తర్వాత ఆ గడువు 40 రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైని ‘క్వరంటా’ అంటారు, మన నోళ్లలో నానిన ‘క్వారంటైన్’ అక్కడి నుంచి వచ్చిందే.

మనకూ ఒక పద్ధతి ఉంది. ఆటలమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. కట్టేవారిది భక్తే కావచ్చు, వీధిలో పోయేవాళ్లకు మాత్రం అది ‘లోపలికి రావద్దు’ అనే బోర్డే.

డాక్టరు చేతుల్లోనే మృత్యువు

వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పుల వార్డులుండేవి. ఒకటి వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులది. మొదటి వార్డులో బాలింతల చావులు చాలా ఎక్కువ. అందులో చేర్చవద్దని గర్భిణులు కాళ్లావేళ్లా పడేవారట. శవాలను కోసి పరీక్షించిన చేతులతోనే విద్యార్థులు నేరుగా కాన్పులు చేస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు పసిగట్టాడు. 1847 మే నెలలో క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన ఆ వార్డులో జూన్‌కల్లా అది రెండుకు దిగింది. మా చేతులు మురికివా అంటూ తోటి వైద్యుల్లో చాలామంది ఆయన్ని ఈసడించారు.

అణాకో దోమకాటు

చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునే ‘మలేరియా’ అని పేరు పెట్టారు. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం అదే. ఆ నమ్మకం మన సికింద్రాబాద్ బేగంపేటలో కుప్పకూలింది. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలీ. ఆ దోమలను రోజుల తరబడి కోసి చూస్తూ పోయాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి పెరుగుతూ కనిపించింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమకాటు ద్వారానే జబ్బు అంటుకుంటుందని రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచమంతా ఆగస్టు 20ని దోమల దినంగా పాటిస్తోందంటే కారణం మన బేగంపేటే.

రాత్రి పదింటికి రక్తపరీక్ష!

బోదకాలు సర్వేకి ఆరోగ్య సిబ్బంది అర్ధరాత్రి వేళ తలుపు కొడితే విసుక్కోకండి. ఫైలేరియా పిల్లపురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా ఒంట్లోని పైరక్తంలోకి వస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే! దోమ వేళకు పురుగు తన వేళ కలుపుకుంది మరి.

ఈ పురుగు మీదికి మనం విసిరే మాత్ర వెనక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1947లో డీఈసీ మందును వెలుగులోకి తెచ్చింది. ఏటా ఊరూరా మింగించే మాత్రల్లో ఇప్పటికీ అది ఉంటుంది.

‘నాకు జబ్బే లేదు, మాత్ర నాకెందుకు’ అని చాలామంది జేబులో వేసుకుపోతారు. కాలు వాచకముందే ఏళ్ల తరబడి పురుగు ఒంట్లో ఉండొచ్చు. మాత్ర రక్తంలోని పిల్లపురుగులను చంపుతుంది. అప్పుడు దోమ కుట్టినా పక్కింటికి మోసుకుపోవడానికి ఏమీ దొరకదు. పెద్దపురుగు కొన్నేళ్లు బతుకుతుంది కాబట్టి కొన్నేళ్లపాటు ఏటా మింగాలి. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవారు తప్ప ఊరంతా మింగితేనే ఫలితం.

పాతగుడ్డకు ఓడిన రోగం

నారికురుపు పేరు విన్నారా? మీరు విని ఉండకపోతే మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. కాలి మీద బొబ్బ లేచి పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. పొడవు మీటరు దాకా ఉండేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తొందరపడి తెంపితే చీము పట్టి కాలు పాడయ్యేది.

ఇది వచ్చే దారి దిగుడుబావి. కురుపు మంట తట్టుకోలేక రోగి బావి మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టేవాడు. అదే అదనుగా పురుగు వేల పిల్లలను నీళ్లలోకి వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే నీటిపేను తినేది. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో పురుగు ఏడాదిపాటు పెరిగి, మళ్లీ కాలిలోంచి బయటికొచ్చేది.

దీనికి టీకా లేదు, చంపే మందూ లేదు. అయినా రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో దీన్ని తుడిచిపెట్టారు. చేసిందల్లా నీళ్లు గుడ్డతో వడకట్టించడం, బావుల్లో నీటిపేనులను చంపే మందు కలపడం, మెట్లు మూసేయించడం, చేతిపంపులు వేయించడం. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను నారికురుపు లేని దేశంగా ప్రకటించింది.

గత్తరకు ఉప్పు, పంచదార

1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. ఎక్కించడానికి సెలైన్ చాలదు, సూది గుచ్చే చేతులూ చాలవు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడాపొడి కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగులోపుకు పడిపోయాయి. కిటుకు ఏమిటంటే, గ్లూకోజు తోడుంటేనే పేగు ఉప్పును, దాని వెంట నీటిని పీల్చుకుంటుంది.

ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పెట్టుకోండి. ఉప్పు మాత్రం అంతకు మించకూడదు.

జబ్బు లేని రోగి

న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటావిడ ఏ ఇంట్లో పనిచేస్తే ఆ ఇంట్లోవాళ్లకు టైఫాయిడ్ వచ్చేది. ఆవిడ మాత్రం దిట్టంగా ఉండేది. 1907లో పరీక్షిస్తే ఒంట్లో టైఫాయిడ్ క్రిములు దొరికాయి. ఇక వంట చేయనని మాటిచ్చి 1910లో బయటపడింది. 1915లో మారుపేరుతో ఒక కాన్పుల ఆసుపత్రి వంటింట్లో మళ్లీ దొరికింది! ఆ తర్వాత 1938లో కన్నుమూసేదాకా ఒక దీవిలోనే ఒంటరిగా ఉంచారు. టైఫాయిడ్ తగ్గినా కొందరి పిత్తాశయంలో క్రిములు ఏళ్లకేళ్లు తిష్ఠ వేస్తాయి. హోటల్ పనివాళ్లు మరుగుదొడ్డికి వెళ్లొచ్చి సబ్బుతో చేతులు కడగాలనేది అందుకే.

బొడ్డు చుట్టూ 14 సూదులా?

ఆ రోజులు ఎప్పుడో పోయాయి. కుక్క కరిస్తే ఇప్పుడు చేతికే టీకా, అదీ నాలుగైదు మోతాదులే. అంతకన్నా ముందు చేయాల్సింది మన ఇంట్లోనే ఉంది. కుళాయి కింద గాయం పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రేబిస్ క్రిమి గాయం దగ్గరి నరం పట్టుకుని మెల్లగా మెదడుకు పాకుతుంది. అది నరం ఎక్కకముందే వీలైనంత కడిగేయాలి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. గాయం లోతైనదైతే టీకాతోపాటు సీరమ్ కూడా కావాలి. లక్షణాలు మొదలయ్యాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

క్షయ రోగిని ఇల్లు వదిలించక్కర్లేదు

ఒకప్పుడు క్షయ వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాలే దిక్కు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండాల్సిందే. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరికి వాళ్ల ఇరుకిళ్లలోనే మందులిచ్చి చూసింది. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండుచోట్లా జబ్బు ఇంచుమించు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్నవాళ్ల వల్ల కుటుంబంలో అదనంగా ఎవరికీ అంటలేదు. మందు సరిగా పడితే కొద్ది వారాల్లోనే రోగి నుంచి అంటడం బాగా తగ్గిపోతుంది. క్షయ వైద్యం ప్రపంచమంతటా ఇంటిదారి పట్టింది ఆ తర్వాతే.

ఒకరి నుంచి పద్దెనిమిది మందికి

టీకా లేని ఊళ్లో ఒక్క పిల్లాడికి తట్టు వస్తే సగటున 12 నుంచి 18 మందికి అంటుతుంది. ఆ పిల్లాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా క్రిమి రెండు గంటల దాకా అక్కడి గాలిలో ఉంటుంది. అందుకే నూటికి 95 మందికి టీకా పడితేగానీ దీని దారి మూసుకోదు. టీకా ఈడు రాని చంటిబిడ్డకు ఆ 95 మందే ప్రహరీ.

డెంగీ దోమకు మంచినీళ్లే కావాలి

మురుగు కాలువ పక్కన లేదు కదా, మాకేం భయం అనుకోవద్దు. డెంగీని మోసే ఏడిస్ దోమ పూలకుండీ పళ్లెంలో, కూలర్‌లో, పాత టైరులో, వాడని రోటిలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. కుట్టేది పగలు. గుడ్లను తొట్టి గోడకు, నీటి అంచున అతికిస్తుంది. నీళ్లు ఎండినా అవి నెలల తరబడి బతికుండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి పారబోస్తే చాలదు, లోపలి గోడ పీచుతో రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి ‘డ్రై డే’ పెట్టమనేది అందుకే.

చివరి మశూచి రోగి

మనుషుల రోగాల్లో భూమ్మీద లేకుండా పోయింది ఒక్క మశూచే. ఊరందరికీ టీకా వేయడంతో ఆగలేదు. ఒక్క రోగి కనబడితే చాలు, అతణ్ని వేరుగా ఉంచి, చుట్టూ కలిసినవాళ్లందరికీ టీకా వేసి దడి కట్టారు. భారత్‌లో చివరి కేసు 1975 మేలో వచ్చింది. సహజంగా సోకినవారిలో ప్రపంచంలోనే చివరివాడు సోమాలియాలోని మెర్కా పట్టణ ఆసుపత్రి వంటవాడు అలీ మావ్ మాలిన్. 1977 అక్టోబరులో ఇద్దరు రోగులున్న బండికి దారి చూపించబోయి అంటించుకున్నాడు. సూది నొప్పికి జడిసి టీకా తప్పించుకున్నానని తర్వాత తనే చెప్పుకున్నాడు. బతికి బట్టకట్టాడు. నాలా పొరపాటు చేయకండంటూ పోలియో చుక్కల ప్రచారంలో ఇంటింటికీ తిరిగాడు.

ఆ పనిమీద ఉండగానే 2013లో మలేరియాతో చనిపోయాడు. మశూచి దారి మూతబడ్డా దోమ దారి ఇంకా తెరిచే ఉంది. ఈ శుక్రవారం ఓ పావుగంట తీసుకుని కూలర్, పూలకుండీల పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే ఒక్కసారి బోర్లించి రుద్దండి.