61 రోజుల స్ట్రీక్, ఒక ఎముక నొప్పి: రెస్ట్ డే సంగతి మీ వాచ్‌కి తెలుసా?

పోయినేడు నా వాచ్‌లో రన్నింగ్ స్ట్రీక్ 61 రోజుల దగ్గర ఆగిపోయింది. 62వ రోజు పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టగానే, కుడి మోకాలి కింద లోపలి వైపు ఎముక మీద ఎవరో సుత్తితో కొట్టినట్టు నొప్పి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి అప్పటికే రిజిస్టర్ చేసుకున్నా. ఆ రేసు పరిగెత్తలేకపోయా.

తప్పంతా వాచ్‌దే అనను. పరిగెత్తింది నేనే కదా. రోజూ 8 కిలోమీటర్లు, అదే రోడ్డు, దాదాపు అదే పేస్. ఫిజియో నా ఫోన్ తీసుకుని రెండు నెలల గ్రాఫ్ చూసి, "ఏంటి బాబూ ఇది, ప్రహరీ గోడలా ఉంది" అన్నారు. నిజమే, బార్లన్నీ ఒకే ఎత్తు. మధ్యలో ఒక్క ఖాళీ లేదు. నేనేమో ఆ స్క్రీన్‌షాట్లు తీసి గ్రూప్‌లో పెట్టుకునేవాడిని.

ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది. పరిగెత్తినప్పుడు ఎముకకి కంటికి కనపడనంత చిన్న డ్యామేజ్ అవుతుంది. శరీరం ముందు ఆ పాత భాగాన్ని తొలిచేసి, తర్వాత కొత్త ఎముక పోస్తుంది. తొలవడం త్వరగా అయిపోతుంది, పోయడానికి చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. ఆ మధ్యలో రోజూ అదే దెబ్బ వేస్తూ పోతే ఎముక వెనకబడిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు మాత్రం కొన్ని వారాల్లోనే అలవాటు పడిపోతాయి. అందుకే "నాకు అలుపే రావట్లేదు, ఇంకా పరిగెత్తగలను" అనిపించే దశలోనే చాలామందికి దెబ్బ తగులుతుంది.

మన వాచ్ వెనకున్న పచ్చ లైట్ చదివేది చర్మం కింద రక్తప్రవాహాన్ని. రికవరీ టైమ్, హార్ట్ రేట్ వేరియబిలిటీ, నిద్ర స్కోర్ లాంటివి ఎక్కువగా ఆ పల్స్ నుంచి లెక్కేసినవే. అక్కడ ఎముకకి సెన్సార్ లేదు. పైగా ఆ పల్స్ కూడా ప్రతిసారీ కరెక్ట్ కాదు. స్ట్రాప్ వదులుగా ఉండి చెమట పడితే, కొన్నిసార్లు అడుగుల లయనే గుండె చప్పుడు అనుకుంటుంది. ఒకరోజు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తిన రన్‌లో నాకు 172 చూపించింది. అది నా కేడెన్స్! ఆ తప్పు లెక్క మీద వచ్చే రికవరీ టైమ్‌ని ఏం నమ్ముతాం? చెస్ట్ స్ట్రాప్ కొన్నాక ఈ గోల తగ్గింది.

ఇక టార్గెట్ల గొడవ. 10,000 అడుగులు అనేది డాక్టర్లు తేల్చిన నంబర్ కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన మాన్పో-కే అనే పెడోమీటర్ పేరు. ఆ పేరుకి అర్థమే "పదివేల అడుగుల మీటర్". యాపిల్ వాచ్ 2015లో వస్తే, యాక్టివిటీ రింగ్స్‌ని స్ట్రీక్ పోకుండా పాజ్ చేసే ఆప్షన్ 2024లో వాచ్‌ఓఎస్ 11తో గానీ రాలేదు. అంటే తొమ్మిదేళ్లపాటు జ్వరమొచ్చి పడుకున్నా స్ట్రీక్ పోయేది. ఆ అప్‌డేట్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో గోల్ పెట్టుకోవచ్చు. మారథాన్ ట్రెయినింగ్‌కి కావాల్సింది అదే.

ఈసారి నా వారం ఎగుడుదిగుడుగా ఉంది. సోమ, శుక్రవారాలు పూర్తిగా రెస్ట్. మంగళ, గురువారాలు 6 నుంచి 8 కిలోమీటర్లు, పక్కనున్నవాడితో మాట్లాడగలిగే పేస్‌లో. బుధవారం 400 మీటర్ల రిపీట్స్. శనివారం ఊరికే 5. ఆదివారం లాంగ్ రన్: 16, 18, 20, ఆ తర్వాతి వారం 14కి దింపుతా. అలా మూడు వారాలు ఎక్కడం, నాలుగో వారం దిగడం. లాంగ్ రన్ 30 దాటాక, రేసుకి ముందు చివరి మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ వస్తా. మొదట్లో దిగే వారం చాలా చిరాకు. ఫిట్‌నెస్ కారిపోతోందేమో అన్న భయం. ఇప్పుడు ఆ తర్వాతి ఆదివారం కాళ్లు తేలిగ్గా లేస్తుంటే అర్థమవుతోంది.

వాచ్ మానేశానా? లేదు. లాంగ్ రన్‌లో జీపీఎస్ కావాలి, ట్రాక్ మీద ల్యాప్ బటన్ కావాలి. స్ట్రీక్ నోటిఫికేషన్లు ఆఫ్ చేశా. ఈజీ రన్‌లో పేస్ కనపడకుండా స్క్రీన్ మీద టైమ్, హార్ట్ రేట్ మాత్రమే పెట్టుకున్నా, గుండె వేగం ఎక్కువైతే వైబ్రేట్ అయ్యేలా అలర్ట్ కూడా. "రెడీ" అని వాచ్ చెప్పినా, ఒంటికాలి మీద పదిసార్లు గెంతి చూస్తా. ఆ పాత చోట కొంచెం కలుక్కుమన్నా ఆరోజు షూస్ బయటకు రావు.

ఈ ఆదివారం 26 కిలోమీటర్లు ఉంది, తెల్లారి నాలుగున్నరకి బయల్దేరాలి. సోమవారం వాచ్ రోజంతా ఛార్జర్ మీదే.