రోడ్డున పడ్డ గుర్రం

ఊరేగింపులో రాజసం ఒలకబోసిన గుర్రమే కొన్నాళ్లకు చెత్తకుండీ దగ్గర, అర్ధరాత్రి హైవే మీద కనిపిస్తోంది. అది తప్పించుకుని వచ్చిందా, వదిలేస్తే వచ్చిందా? జవాబు దొరికితే సగం ప్రమాదాలకు కారణం దొరికినట్టే.

నగరాల్లో జరిగే చాలా పెళ్లిళ్ల ఆల్బమ్‌లలో ఓ తెల్ల గుర్రం ఉంటుంది. నుదుట తురాయి, మెడలో పూసలు, వీపున జరీ అంచు ముఖమల్ బట్ట. చెవులు చిల్లులుపడే డీజే మోతలో, టపాసుల పొగలో పెళ్లికొడుకును మోస్తూ ఓపిగ్గా నడుస్తుంది. మండపం మెట్ల దగ్గర వరుడు దిగుతాడు. కెమెరా అతని వెంటే లోపలికి వెళ్లిపోతుంది. గుర్రం బయటే ఉండిపోతుంది. ఆ తర్వాత దాని సంగతి ఏ ఆల్బమ్‌లోనూ ఉండదు.

ఎప్పుడో ఓ రాత్రి బైకు మీద ఇంటికి వెళ్తుంటే డివైడర్ పక్కన అది ఎదురవుతుంది. తురాయి లేదు, జరీ లేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చెత్తకుండీలో మూతి పెట్టి ఏదో నములుతుంటుంది. లేదంటే రోడ్డుకు అడ్డంగా, ఓ వెనక కాలు కాస్త మడిచి, నిలబడే కునుకు తీస్తుంటుంది. హారన్ కొడితే ఎటు దూకుతుందో మనకూ తెలియదు, దానికీ తెలియదు.

ప్రమాదం జరిగితే మర్నాడు ‘తప్పించుకువచ్చిన గుర్రం’ అని చెప్పుకుంటాం. ఆ మాట దగ్గరే కాస్త ఆగాలి. వేళకు మేత, నీళ్లు, నీడ దొరికే గుర్రం చీకటి పడితే శాలవైపే నడుస్తుంది. తెల్లవార్లూ రోడ్ల మీద తిరిగే గుర్రం చాలావరకు తాడు తెంపుకొని వచ్చింది కాదు, తాడు విప్పితే వచ్చింది.

గుడ్డిదైనా దాణా తప్పదు

‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అన్నవాళ్లకు గుర్రం ఖర్చు బాగా తెలుసు. అది సంపాదించినా, సంపాదించకపోయినా కడుపు ఆగదు. ఆవులా గబగబా మేసి తీరిగ్గా నెమరేసుకునే వీలు దానికి లేదు. ఒళ్లు పెద్దదే గానీ పొట్ట చిన్నది. అందుకే రోజులో 16 గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. 300 కిలోల గుర్రానికి రోజూ ఐదారు కిలోల ఎండుమేత కావాలి. పైన ఉలవలో తవుడో పెట్టాలి. ఎండాకాలమైతే పాతిక ముప్పై లీటర్ల నీళ్లు తాగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించాలి, లాడాలు చూడాలి. ఇవేవీ వాయిదా వేసే ఖర్చులు కావు.

ఆదాయం మాత్రం పంచాంగాన్ని బట్టి వస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిగుర్రానికి పంటకాలం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే ముహూర్తాలుండవు. గురుమూఢమో శుక్రమూఢమో తోడైతే బేరాలు ఇంకా వెనక్కి పోతాయి. హైదరాబాద్ పాతబస్తీ పెళ్లిళ్లు కొంత ఆదుకున్నా మొహర్రం, రంజాన్ నెలల్లో అవీ తగ్గుతాయి. మూఢం ముహూర్తాలకే గానీ గుర్రం ఆకలికి లేదు కదా! సరిగ్గా ఆషాఢానికే తొలకరి గడ్డి రోడ్ల పక్కన పచ్చగా లేస్తుంది. చేతిలో డబ్బుల్లేని మనిషికి, ఖాళీ కడుపుతో ఉన్న గుర్రానికి అదే దారి చూపిస్తుంది.

గుర్రాలవాళ్లందరూ కర్కోటకులేం కాదు. బిడ్డలా సాకేవాళ్లూ ఉన్నారు. కానీ చాలామందికి శాల అంటే అద్దె ఇంటి ముందు పాతిన గుంజే. ఒకప్పుడు ఊరి చివర మేతబీళ్లు ఉండేవి. ఇప్పుడక్కడ వెంచర్లు వెలిశాయి. దాంతో రాత్రయ్యాక తాడు విప్పడం మామూలైపోయింది. మరీ దూరం పోకుండా కొందరు ముందరికాళ్లకు బంధం వేసి వదులుతారు. లారీ మీదికి వస్తున్నా ఆ గుర్రం పరుగెత్తలేదు. గెంతి గెంతి పడిపోతుందంతే.

ఇక ముసలిదైనా, కుంటిదైనా, చూపు పోయినా తాడు విప్పాక మళ్లీ ఎవరూ కట్టేయరు. ఊటీలో పర్యాటకుల్ని మోసి అలసిన తట్టువలు వీధుల వెంట తిరుగుతూ చెత్తకుండీల్లో వెతుక్కోవడం అక్కడి జనానికి ఏళ్లుగా తెలిసిన దృశ్యమే. గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్టలోకి వెళ్లిన ప్లాస్టిక్ సంచి పేగుల్లో అడ్డుపడితే కడుపుశూలతో నేలమీద పొర్లి పొర్లి చనిపోతుంది.

బెదిరితే ఎవరి మాటా వినదు

ఆకలి గుర్రాన్ని రోడ్డు మీదికి తెస్తుంది. ప్రమాదం దాకా తీసుకెళ్లేది బెదురు. పులికీ తోడేలుకీ ఎరగా బతికిన జాతి అది. అనుమానం వస్తే ముందు పరుగు, ఆలోచన ఆ తర్వాతే. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు, నుదుటికి ఎదురుగా ఓ చిన్న జాగా, తోక వెనకాల. చీకట్లో మనకంటే బాగానే చూస్తుంది గానీ, చీకటి నుంచి ఒక్కసారిగా వెలుగులోకి వస్తే కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. హైబీమ్ లైటు మొహాన పడితే అది గుడ్డిగానే దూకుతుంది.

ఎంత శిక్షణ ఉన్నా బెదురు ముందు నిలవదని లండన్ చూసింది. 2024 ఏప్రిల్ 24న సైన్యానికి చెందిన హౌస్‌హోల్డ్ కావల్రీ గుర్రాలు ఉదయపు వ్యాయామానికి బయల్దేరాయి. ఓ భవన నిర్మాణం దగ్గర కాంక్రీటు ముక్కలు పడిన చప్పుడుకు బెదిరాయి. కొన్ని రౌతుల్ని పడేసి నగరం నడిబొడ్డున మైళ్ల దూరం పరుగెత్తాయి. ఓ ట్యాక్సీనీ, డబుల్‌డెకర్ బస్సునూ గుద్దుకున్నాయి. తెల్లని గుర్రం ఒంటినిండా రక్తంతో వీధుల్లో పరుగెత్తడం ప్రపంచమంతా చూసింది. రోజూ మాలిష్, వేళకు మేత, పక్కనే వైద్యుడు ఉన్న గుర్రాల సంగతే ఇది.

మన దగ్గర 2025 జులైలో జబల్‌పూర్ నడివీధిలో రెండు గుర్రాలు కొట్లాడుకుంటూ పరుగందుకున్నాయి. వాటిలో ఒకటి ఈ-రిక్షాలోకి దూకి ఇరుక్కుపోయింది. వీడియో చూసి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రిక్షాలో మన పిల్లలుంటే?

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఏముందో అర్థమై కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పట్టినా 25 మీటర్లు దాటేస్తాం. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. గుర్రం కాళ్లు పొడుగు, బరువంతా పైన ఉంటుంది. కారు ముందుభాగం కాళ్లకు తగిలితే వందల కిలోల శరీరం బానెట్ మీదుగా నేరుగా అద్దం మీద పడుతుంది. బైకు మీద ఉన్నవాడికి ఆ అద్దం కూడా అడ్డు ఉండదు.

కనపడని ప్రమాదం

ఢీకొంటేనే ప్రమాదం అనుకోనక్కర్లేదు. గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా జబ్బు గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలకు వస్తుంది. ముక్కు నుంచి చిక్కటి స్రావం కారుతుంది, చర్మం మీద గడ్డలు లేచి పుళ్లవుతాయి. దగ్గరగా మెలిగే మనుషులకూ సోకుతుంది, ప్రాణం మీదికీ తేగలదు. సోకినట్టు తేలిన జంతువుకు వైద్యం చేయరు. నొప్పి తెలియకుండా చంపి, యజమానికి పరిహారం ఇస్తారు. ఈ జబ్బు నిర్ధారణకు హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రమే పెద్ద దిక్కు. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల్లో కొన్ని వరసగా చనిపోయినప్పుడు అధికారులు ముందు అనుమానించిందీ గ్లాండర్స్‌నే. ఆ వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది.

రేబిస్ ఉన్న వీధికుక్క కరిస్తే గుర్రానికీ ఆ జబ్బు రావచ్చు. ఎవరి దగ్గరా లేని గుర్రానికి పరీక్ష చేయించేదెవరు, టీకా వేయించేదెవరు?

జట్కా నుంచి బరాత్‌కు

గుర్రం మనకు కొత్త కాదు. దాని లక్షణాలు, జబ్బులు, పోషణ గురించి పూర్వకవి మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రమే రాశాడు. ఆటోలు రాకముందు విజయవాడ, గుంటూరు, రాజమండ్రి రైల్వేస్టేషన్ల బయట జట్కాలు వరసకట్టేవి. బేరం లేని వేళ గుర్రం మెడకు దాణాసంచి వేలాడేది. ఊరు చిన్నది, ఏ గుర్రం ఎవరిదో అందరికీ తెలుసు. ఇప్పటికీ పాడేరు మన్యంలో రోడ్డు లేని కొండపల్లెలకు సరుకులు మోస్తున్నది గుర్రమే. అక్కడ దాన్ని రోడ్డున వదిలేయరు, అది లేకపోతే ఇల్లు గడవదు మరి.

పట్టణంలో మాత్రం దాని పని పోయింది. 2012లో దేశంలో 6.25 లక్షలున్న గుర్రాలు, తట్టువలు 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు తగ్గాయి. ఏడేళ్లలో 45 శాతానికి పైగా తగ్గుదల! మిగిలిన వాటికి నగరంలో దొరికేది పెళ్లి ఊరేగింపు, లేదంటే విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట్ల పిల్లల సవారీ. ఏడాదంతా పనిచేసే జంతువు సీజన్‌కు అద్దెకిచ్చే అలంకారంగా మారింది.

మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే గుర్రానికి తాతముత్తాతల వివరాలతో పుణెలో వంశావళి నమోదై ఉంటుంది. పల్లెలో గేదె చెవికి 12 అంకెల పసుపు ట్యాగు ఉంటుంది. పెళ్లిగుర్రం మెడలో పూసలు తప్ప ఆనవాలేదీ కనపడదు. పగలు డబ్బులు తీసుకునేటప్పుడు దానికి యజమాని ఉంటాడు. రాత్రి ప్రమాదం జరిగాక ఉండడు.

చట్టం నిద్రపోలేదు, మనమే లేపలేదు

1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం దృష్టిలో గుర్రం కూడా పశువే. అదుపులేకుండా తిరిగేదాన్ని పట్టి బందెలదొడ్డికి తోలొచ్చు. జరిమానా, మేతఖర్చు కడితేనే యజమానికి తిరిగిస్తారు. చాలా ఊళ్లలో ఇప్పుడు బందెలదొడ్డి పేరే మిగిలింది. నగరాల్లో పశువుల్ని పట్టే సిబ్బంది ఉన్నా, ఆవును తోలడం వేరు, బెదిరిన గుర్రాన్ని పట్టడం వేరు.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం నేరం. మొదటిసారి చేసిన తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఒక పూట దాణా ఖర్చు కూడా కాదది! భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కొంచెం గట్టిది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు హాని కలగకుండా జాగ్రత్తపడనివారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు జాతీయ రహదారుల మీద తిరిగే పశువుల్ని తొలగించి ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. కానీ ఏ శిక్ష వేయాలన్నా ముందు గుర్రం ఎవరిదో తేలాలి.

ఐర్లండ్ ఈ ముడిని ముందే విప్పే ప్రయత్నం చేసింది. డబ్లిన్ శివార్లలో దిక్కులేని గుర్రాలు పెరిగాక 1996లో గుర్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. నియంత్రణ ప్రాంతంలో గుర్రం ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి, వీధిలో వదిలితే స్థానిక సంస్థ పట్టుకెళ్తుంది. అయినా 2008 ఆర్థిక మాంద్యంలో మేత పెట్టలేక జనం మళ్లీ గుర్రాల్ని వదిలేశారు. కాగితం ఒక్కటే మేత కాదన్నమాట. ఇంగ్లండ్ 2015 చట్టం ప్రకారం పరాయి నేలలో వదిలిన గుర్రాన్ని నాలుగు పనిదినాల్లో ఎవరూ అడగకపోతే దానిమీద హక్కు పోతుంది. అక్కడి డెవాన్‌లో ఏదో బెదురుకు కంచె దాటి హైవే ఎక్కిన గుర్రాల వల్ల ఓ కారు డ్రైవర్ తీవ్రంగా గాయపడ్డాడు. కంచె విషయంలో నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి యజమానులదే బాధ్యతని 2003లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 తేడాతో తేల్చింది.

మన ముంబయిలో విక్టోరియా గుర్రపుబండ్లు చట్టవిరుద్ధమని 2015లో బాంబే హైకోర్టు తేల్చింది. వాటిమీద బతికే కుటుంబాలకు, గుర్రాలకు పునరావాసం చూడాలనీ చెప్పింది. ఆ రెండో మాటే ముఖ్యం. అది లేకుండా నిషేధిస్తే ఉన్న గుర్రాలు కూడా రోడ్డు మీదికే వస్తాయి.

గుర్రం ఎదురైతే...

• వేగం తగ్గించండి, వెనకవాళ్లకు తెలిసేలా హజార్డ్ లైట్లు వేయండి. హారన్, హైబీమ్ వద్దు.

• దూరంగా, నెమ్మదిగా దాటండి. దాని వెనక నిలబడొద్దు, తరమొద్దు. తరిమితే రోడ్డు మీదికే వస్తుంది.

• ఆపాల్సివస్తే ట్రాఫిక్‌ను రెండువైపులా ఆపి, పచ్చగడ్డి చూపిస్తూ పక్కకు రప్పించాలి. కళ్లెం వేయడం తెలిసినవాళ్లకే వదిలేయండి.

• జాతీయ రహదారి మీదైతే 1033కు, ఊళ్లో అయితే 112కు ఫోన్ చేయండి. గాయపడిన గుర్రానికి సంచార పశువైద్య సేవల నంబరు 1962.

• కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

బంధం ఎవరికి?

అసాధ్యమైన పనులేం లేవిక్కడ. అద్దెకు తిరిగే ప్రతి గుర్రానికీ మైక్రోచిప్ వేసి మున్సిపాలిటీలో నమోదు చేయొచ్చు. ముహూర్తాలు లేని నెలల్లో మేత సాయం అందించొచ్చు. ఊరి చివర ఉమ్మడి శాలకు ఎకరం జాగా ఇస్తే ఇళ్ల ముందు గుంజలు పోతాయి. పనికిరాని గుర్రాన్ని వదిలేయకుండా అప్పగించే చోటు ఒకటుండాలి. ఇన్ని చేశాక కూడా వదిలితే, అప్పుడు శిక్ష వేసినా న్యాయంగా ఉంటుంది. ముందరికాళ్లకు బంధం వేయాల్సింది గుర్రానికి కాదు, బాధ్యత వదిలించుకునే చేతులకు.

ఇందులో పెళ్లివారి వంతూ ఉంది. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు రంగు అడుగుతాం, రేటు అడుగుతాం, డీజేకు బెదరదు కదా అని అడుగుతాం. మండపం దగ్గర దిగాక ఈ గుర్రం ఎక్కడికి వెళ్తుందని కూడా ఎక్కకముందే అడగాలి. చెప్పలేనివాడి గుర్రం ఎక్కకూడదు. ఎందుకంటే ఆ రాత్రి విందు ముగించుకుని మనం ఇళ్లకు వెళ్లేదీ అదే రోడ్డు మీద.