అంకె ఒకటే, మందు వేరు

అమెరికాలో చాలామంది రైఫిల్ షూటర్లు పేలిన తూటా తొడుగును పారేయరు. కొత్త ప్రైమర్ అమర్చి, మందు తూచి పోసి, గుండు బిగించి మళ్లీ వాడతారు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తూటాలు తయారు చేయకూడదు. అక్కడ సొంత వాడకానికి ఇంట్లోనే చేసుకుంటారు. ఉద్యోగాలకని వెళ్లి ఆ క్రీడలో చేరిన మన పిల్లలకు ఒకరోజు ఈ సందేహం రాక తప్పదు: కావలసిన మందు దుకాణంలో లేదు, దాని పోలికదే మరొకటి ఉంది, అదే కొలతలో పోయవచ్చా?

పోయకూడదు.

రైఫిల్ మందు మండుతుంది, కానీ చాలా వేగంగా. అందులో ప్రధానంగా ఉండేది నైట్రోసెల్యులోజ్. కొన్ని రకాల్లో నైట్రోగ్లిజరిన్ కూడా కలుపుతారు. గింజ ఎంత లావు, దానికి రంధ్రం ఉందా, పైన మంటను నెమ్మదింపజేసే పూత ఎంత అన్నవాటిని బట్టి మండే వేగం ఉంటుంది. మూసిన తొడుగులో మంట పీడనాన్ని పెంచుతుంది, పెరిగిన పీడనం మంటను ఇంకా ఎగదోస్తుంది. అందుకే కొలతలో చిన్న తేడా పీడనంలో పెద్ద తేడా కావచ్చు. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అది బాగా దాటితే తుపాకీ షూటర్ ముఖం ముందే పగలవచ్చు.

మందులను వేగం ప్రకారం పేర్చిన పట్టికలు ఉంటాయి. పక్కపక్కన ఉన్న రెండిటిని చూసి ఒకటే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ పట్టిక వరుస చెబుతుంది, మధ్య దూరం చెప్పదు. తూటా మారినా, గుండు బరువు మారినా ఆ వరుసే తారుమారు కావచ్చు.

అంకెలు ఇంకా మోసం చేస్తాయి. ఐఎమ్ఆర్ 4350, హెచ్ 4350, ఆక్యురేట్ 4350 మూడూ వేర్వేరు మందులు; దేని కొలతల పట్టిక దానిదే. రెండు మిల్లుల నూలు ఒకే నంబరుదైనా మగ్గం మీద ఒకేలా నడవదని వేటపాలెం నేతగాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు చెడేది పడుగు, ఇక్కడ పోయేది కన్ను.

పేర్లు వేరై మందు ఒకటే అయినవీ ఉన్నాయి. హెచ్ 110, విన్‌చెస్టర్ 296 ఒకటే. హెచ్ 414, విన్‌చెస్టర్ 760 కూడా అంతే. ఆస్ట్రేలియాలో ఏఆర్ 2209 పేరుతో అమ్మేదే అమెరికాలో హెచ్ 4350. రెండూ ఆస్ట్రేలియాలోని ముల్వాలా కర్మాగారం సరుకే. వీటిని ఒకటని నమ్మగలిగేది తయారీదారే ఆ మాట చెప్పాడు కాబట్టి. రంగు, గింజ పోలిక చూసి కాదు.

“పోనీ, కొంచెం తగ్గించి పోస్తే?” అంటారు. తయారీదారు ఇచ్చిన గరిష్ఠ కొలతకు పది శాతం తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం మామూలు పద్ధతే, కానీ అది ఆ మందుకే ప్రచురించిన లెక్క చేతిలో ఉన్నప్పుడు. హెచ్ 110నైతే మూడు శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారే హెచ్చరిస్తాడు. మంట సరిగా అందుకోక గుండు గొట్టంలోనే ఆగిపోవచ్చు. పాత డబ్బా అయిపోయి అదే మందు కొత్త డబ్బా తెచ్చినా, లాట్ నంబరు మారితే మళ్లీ కింది నుంచి రావాలి.

పని ముగిశాక కొలపాత్రలో మిగిలిన మందును వెంటనే దాని డబ్బాలోనే పోసి మూత పెట్టాలి. మర్నాటికి అది ఏ మందో కచ్చితంగా తెలియకపోతే, ఎంత ఖరీదైనదైనా, ఇక తూటాలో పోయకూడదు.