హార్మోనును ఆపే హార్మోను

నాంపల్లి స్టేషనులో దిగి రెడ్ హిల్స్ వైపు నడిస్తే మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి కనిపిస్తుంది. 1955 నాటిది. క్యాన్సర్ వైద్యం అనగానే మీకు కత్తి, కిరణాలు, జుట్టు రాలగొట్టే మందులు గుర్తుకు వస్తాయి. పౌరుష గ్రంథి క్యాన్సర్ ముదిరినవారికి ఇచ్చే ఒక ఇంజెక్షను ఈ మూడింటిలోనూ చేరదు. అది ఒక హార్మోనుకు నకలు.

ఆ క్యాన్సర్ కణాలు పెరగటానికి టెస్టోస్టిరాన్ కావాలని 1941లో చార్లెస్ హగిన్స్ చూపించాడు. అప్పట్లో వృషణాలను తీసివేయటమో, స్త్రీ హార్మోను ఇవ్వటమో చేసేవారు.

మరి టెస్టోస్టిరాన్ తయారుచేయమని వృషణాలకు చెప్పేదెవరు? పీయూష గ్రంథి. దానిని తట్టి లేపేది హైపోథలామస్ నుంచి గంటకో, రెండు గంటలకో ఒకసారి వచ్చే జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోను. ఇది పది అమైనో ఆమ్లాల గొలుసు. దీని నిర్మాణాన్ని 1971లో తేల్చటానికి ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల హైపోథలామస్‌లను పోగుచేసింది! 1977లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

సహజ హార్మోనును ఎంజైములు కొద్ది నిమిషాల్లోనే తుంచివేస్తాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తాళంచెవులు చేసేవాడు ఆకురాయితో ఒక్క పన్ను సవరించినట్లు, రసాయన శాస్త్రజ్ఞులు ఆరవ స్థానంలోని గ్లైసిన్ తీసి, ల్యూసిన్‌కు అద్దంలో ప్రతిబింబం వంటి అణువును పెట్టారు. తోకనూ మార్చారు. అదే ల్యూప్రోలైడ్. ఇది గంటల తరబడి నిలుస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన ఇంజెక్షను నెలకో, మూడు నెలలకో ఒకటి చాలు.

"ఆపవలసినదాన్ని ఇంకా ఎక్కువ ఇస్తే రోగం పెరగదా మాస్టారూ?" అని మా తరగతిలో ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. మొదటి వారం నిజంగానే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. గడ్డ వెన్నెముకకు పాకి ఉంటే కాళ్ళు పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే డాక్టర్లు ముందుగా వేరే మందుతో కాపు కాస్తారు.

తరువాత? ఎవరైనా తలుపు తడితే తీస్తాం. రోజంతా గంట మోగిస్తూనే ఉంటే తీగ పీకేస్తాం. పీయూష గ్రంథి కణాలూ తమ గ్రాహకాలను లోపలికి లాక్కుంటాయి. మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టిరాన్, వృషణాలు తీసివేసినంత తక్కువకు పడిపోతుంది.

ఎనిమిదేళ్ళలోపే యుక్తవయసు లక్షణాలు వచ్చే ఆడపిల్లలకూ ఇదే మందు ఇస్తారు. ఇంజెక్షను మానితే ఎదుగుదల మళ్ళీ మామూలుగా సాగుతుంది. క్యాన్సర్‌లో కథ అంత సులువు కాదు. ఎముకలు బలహీనపడతాయి. కొన్నేళ్ళకు చాలామందిలో గడ్డ, ఉన్న కాస్త హార్మోనుతోనే పెరగటం నేర్చుకుంటుంది. అప్పుడు వేరే మందులు వెతకాలి.

తాళంలో దూరి, తిరగకుండా అడ్డుపడే నకళ్ళు కూడా వచ్చాయి. 2008లో అమెరికాలో అనుమతి పొందిన డెగరెలిక్స్ అలాంటిది. దానితో ఆ మొదటి వారపు పోటు ఉండదు.