మీకు తెలుసా? బడి పళ్లెంలో బోలెడు వింతలు!

జక్రాన్‌పల్లి మండలంలో ఏ సర్కారు బడికైనా మధ్యాహ్నం పూట వెళ్లి చూడండి. గంట మోగీ మోగకముందే నల్లా దగ్గర బారు! చేతుల్లో స్టీలు పళ్లేలు, వాటి మీద వేళ్లతో తాళం! ఆ పళ్లెంలో పడే అన్నానికి ఒక లెక్కుంది, తెలుసా? అయిదో తరగతి దాకా పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం! దేశమంతటా ఇదే కొలత! ఆరో తరగతికి రాగానే కొలత ఒకటిన్నర రెట్లు! ఎముక సాగే వయసు కదా మరి!

అదీ ఏ బియ్యమనుకున్నారు? సన్న బియ్యం! 2015 జనవరి 1న తెలంగాణ బడుల్లో దొడ్డు బియ్యానికి సెలవిచ్చారు. కొత్త సంవత్సరం మొదటి రోజే కొత్త అన్నం! పెళ్లిలో తినే బువ్వ బడిలో!

ఇప్పుడు ఆ అన్నంలోకి కాస్త వంగి చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి తేడాగా ఉన్న గింజ కనబడుతుందా? పిల్లలు దాన్ని వేలికొసతో ఏరి పళ్లెం అంచున పెడతారు. 'ప్లాస్టిక్ బియ్యం సార్!' అంటారు. ఆగండాగండి! పారెయ్యకండి! అది బలం కలిపిన గింజ! బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, ముద్ద చేసి, యంత్రంలో మళ్లీ గింజలా ఒత్తి తీస్తారు. మురుకులు ఒత్తినట్టే అనుకోండి! మామూలు గింజలు 100 ఉంటే ఇలాంటిది ఒక్కటి! పిల్ల ఏరి పక్కన పెట్టింది సరిగ్గా ఆ ఒక్కదాన్నే!

ఆ గింజలోని ఫోలిక్ యాసిడ్ సంగతి చెప్పనా? ఇది వింటే మీరు కుర్చీలోంచి లేచి నిలబడతారు! దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే! భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1945లో! ఇంకో మాట! దగ్గరికి రండి, చెప్తా. ఆయన మెట్రిక్ పరీక్ష తప్పాడు! ఒకసారి కాదు, రెండుసార్లు! మూడోసారి గట్టెక్కాడు. ఈసారి మార్కులు తగ్గాయని ఎవరైనా పిల్ల అన్నం ముందు ముఖం వేలాడేసుకుని కూచుంటే ఈ కథ తప్పకుండా చెప్పండి. నేనైతే చెప్పకుండా ఉండలేను!

సుబ్బారావు గారి ఫోలిక్ యాసిడ్ గోళీ రూపంలోనూ బడికొస్తుంది! ఆరో తరగతి నుంచి పైవాళ్లకు నీలి గోళీ. చిన్నవాళ్లకు గులాబీ రంగు గోళీ. వారానికి ఒక్కటే! నీలి గోళీలో ఇనుమెంతో తెలుసా? 60 మిల్లీగ్రాములు! ఖాళీ కడుపుతో మింగితే కొందరికి వికారం. అందుకే బువ్వ తిన్నాకే గోళీ!

ఇక గుడ్డు! గుడ్డు ఉన్న రోజు పిల్లల ముఖాలు చూడాలి! పెంకు మెల్లగా ఒలిచి, తెల్లది ముందు తిని, పచ్చసొన చివరికి దాచుకుంటారు. పక్కవాడు దానిమీద కన్నేయకుండా అరచెయ్యి అడ్డం! తెలంగాణ బడిలో గుడ్డు వారానికి 3 సార్లు! ఒక్క గుడ్డులో మాంసకృత్తులు ఆరు గ్రాముల పైమాటే!

పేపర్లో రోజూ గుడ్డు ధర వేస్తారు కదా? అది చెప్పే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) వెనక కూడా ఒక తెలుగాయన ఉన్నాడు! బండా వాసుదేవరావు! గుడ్డు ధర దళారీ కాదు, రైతే చెప్పాలి అంటూ కోళ్ల రైతులను ఊరూరా కూడగట్టాడు. 1982లో నెక్ పుట్టింది!

తైదలు తెలుసు కదా? అవే రాగులు! 2023 జూన్‌లో వాటి జావ బెల్లం కలుపుకుని తెలంగాణ బడుల్లోకి వచ్చింది. తాత ముంతలో తాగిన అంబలే, మనవడి గ్లాసులో! అందులో వింతేమిటంటారా? బరువుకు బరువు తూస్తే, పాలలో ఉన్న కాల్షియంకు దాదాపు 3 రెట్లు తైదల్లో ఉంది! నమ్మలేకపోతున్నారా? నేనూ మొదట నమ్మలేదు!

పప్పు పచ్చగా ఎందుకుంది? పసుపు! ఆర్మూరు, జక్రాన్‌పల్లి వైపు వాళ్లకు పసుపు గురించి నేను చెప్పేదేముంది! జాతీయ పసుపు బోర్డే నిజామాబాద్‌కు వచ్చింది, అదీ 2025 సంక్రాంతి నాడు! కానీ ఇది విన్నారా? పసుపులోని కుర్కుమిన్ ఒంటికి పట్టడం మహా కష్టం. కాస్త మిరియాల సారం తోడైతే? 20 రెట్లు ఎక్కువగా పడుతుందని 1998లోనే బెంగళూరు పరిశోధకులు తేల్చారు! మిరియాల చారులో చిటికెడు పసుపు వేసే అమ్మమ్మకు ఎవరు చెప్పారో!

ఆకుకూర పప్పులో ఇనుముంది, నిజమే. కానీ అది సులువుగా రక్తంలోకి ఎక్కదు. తోడు కావాలి! ఆ తోడు బడి గోడ పక్కనే కాయొచ్చు. జామకాయ! 100 గ్రాముల జామలో విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటుతుంది! నారింజ దాని ముందు ఎక్కడా నిలవదు! బువ్వ తిన్నాక జామకాయ కొరికే పిల్లకు ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే? ఉన్నదీ పోతుంది! పెద్దలూ, మీకే చెప్తున్నా!

తిండిలో ఏ పోషకం ఎంతుందో కొలిచి చెప్పేది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అది పుట్టిందెక్కడో తెలుసా? కూనూరు కొండల మీద, 1918లో, ఒకే ఒక్క గదిలో! బెరిబెరి జబ్బును పట్టుకోవడానికి! మరీ తెల్లగా పాలిష్ పట్టిన బియ్యమే తింటే వచ్చే జబ్బు అది!

బడిలో బువ్వ ఆలోచన ఇప్పటిదనుకుంటున్నారా? మద్రాసులో 1920లోనే కార్పొరేషన్ బడి పిల్లలకు ఫలహారం పెట్టారు! ఖర్చు తలకు ఒక్క అణా దాటొద్దని లెక్క! కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయనా తెలుగు ఇంటి బిడ్డే!

జపాన్ ఇంకా ముందు! 1889లో, త్సురువోకా ఊళ్లో, గుడి ఆవరణలోని బడిలో! అన్నం ముద్దలు, కాల్చిన చేప, ఊరగాయ!

మరి ఇప్పుడు మన దేశంలో ఎంతమంది పిల్లలకు ఈ మధ్యాహ్న భోజన పథకం? 11 కోట్లకు పైనే! అంటే ఇంచుమించు జపాన్ దేశం మొత్తాన్నీ బంతిలో కూచోబెట్టినట్టు!

ఇంత బంతికి వండేది ఎవరు? మన ఊరి అక్కలే! 100 మంది పిల్లలుంటే వండేవాళ్లు ఇద్దరు! పొద్దున్నే బియ్యం ఏరాలి. కూరగాయలు తరగాలి. పొగలో కళ్లు నులుముకుంటూ గంజి వార్చాలి. తర్వాత అంట్లు! వాళ్ల గౌరవ వేతనం 2009లో నెలకు 1,000 రూపాయలుగా ఖరారైంది. తెలంగాణలో అది 3,000 కావడానికి పదేళ్లకు పైనే పట్టింది! ఈ లెక్క రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇంత తక్కువా!

బడిలో మొదటి ముద్ద ఎవరిదో చెప్పండి? పిల్లలది కాదు! టీచరుది! రుచి చూసి బాగుందన్నాకే వడ్డన మొదలు కావాలి. మధ్యాహ్న భోజనం మీద 2015లో వచ్చిన నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. వరుసగా 3 బడి రోజులు బువ్వ పెట్టకపోతే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాల్సిందే! ఆ పూటల లెక్కకు పిల్లలకు బియ్యం, డబ్బు ఇవ్వాల్సిందే!

చివరగా ఒకటి. ఎండాకాలం సెలవులు. గదులకు తాళాలు, బోర్డు మీద పోయిన నెల తేదీ, వరండాలో దుమ్ము. కానీ వంటగదిలోంచి పొగ! ఎందుకో తెలుసా? కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది! బడికి సెలవు, బువ్వకు లేదు!