తూము ఎత్తాలా, వద్దా?

ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, తరగతిలో మాత్రం నోరు పెగలదు. మన పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. వారిచేత మాట్లాడించేందుకు మా తెలుగు పీరియడ్‌లో పాత్రల ఆట మొదలుపెట్టాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహాదే. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్రై 'నేనిలా చేస్తాను' అంటారు. ఫలితం తేలనిచోట పాచిక వేస్తారు.

పిల్లలు పెద్దవాళ్లయ్యే కథ కావాలంటే ముందు పెద్దల్ని పక్కకు తప్పించాలి. మా కథలో పెద్దలంతా పొరుగూరి తిరునాళ్లకు వెళ్లారు. రాత్రి కుండపోత వాన. చెరువు నిండింది. ఊళ్లో మిగిలింది పదమూడేళ్ల పిల్లలు నలుగురు. తూము ఎత్తితే కోతకొచ్చిన చేలు మునుగుతాయి, అందులో ఒక చేను ఆ నలుగురిలో ఒకరిదే. ఎత్తకపోతే కట్ట తెగొచ్చు.

మొదటిసారి మేం తొందరపడి దారి చూపేశాం. పిల్లలు తలూపి ఊరుకున్నారు. రెండోసారి నోరు కట్టుకున్నాం. కన్నడం కలిసిన తెలుగులోనే గట్టిగా వాదించుకున్నారు. మధ్యలో ఆపి దిద్దలేదు.

తూము ఎత్తడంతో కథ ముగియకూడదు. మరుసటి వారం పెద్దలు తిరిగొస్తారు. చేను పోయిన రైతుకు పిల్లలే జవాబు చెప్పాలి. పెద్దరికం అక్కడే మొదలవుతుంది.

ఇంట్లోనూ ఆడించొచ్చు. ఒక పాచిక, కాగితం, గంట సమయం చాలు. జవాబు మాత్రం మీరు చెప్పకండి.