క్రొత్త నేల, క్రొత్త పాములు

విద్యకై, ఉద్యోగములకై ఆస్ట్రేలియా వెళ్ళి స్థిరపడిన తెలుగువారు నేడు అనేకులు. సిడ్నీలోనో మెల్బోర్నులోనో ఇల్లు కుదుర్చుకొన్న కొలదిదినములకే వారికి ఒక భయము కలుగును: పెరటిలో ఆడుకొను పిల్లలు క్షేమముగా ఉందురా? ఆ దేశపు విషజంతువుల ఖ్యాతి అట్టిది. అయినను అక్కడ పాముకాటుచే మరణించువారు ఏటా సగటున ఇద్దరు ముగ్గురు మాత్రమే. మనదేశములో 2000 నుండి 2019 వరకు సుమారు 12 లక్షలమంది పాముకాటునకు బలియైరని అంచనా. అక్కడి పాములకు విషము తక్కువయా? కాదు. బ్రౌన్ స్నేక్ అను గోధుమవన్నె పాము విషము మన నాగుపాము విషముకంటె ఎన్నో రెట్లు తీక్ష్ణమైనది. కాని వట్టికాళ్ళతో పొలముపని చేయువారు అక్కడ అరుదు. ఆసుపత్రియు, విరుగుడు మందును త్వరగా లభించును.

ఈ పాము ఎలుకలను వెదకుకొనుచు ఇండ్ల దరికి వచ్చును. దాని కోరలు చిన్నవి. కాటు గుర్తు సరిగా కనబడదు, నొప్పియు అంతగా ఉండదు, కనుకనే ప్రమాదము. పాము కనబడగానే కఱ్ఱ వెదకుట మనవారికి అలవాటు. అక్కడ పాములకు చట్టరక్షణ కలదు. అదియు గాక, కొట్టబోయినవారును పట్టబోయినవారును కాటునకు గురియగుట తరచుగా జరుగును. దూరముగా తొలగి, పాములను పట్టుటకు అనుమతి పొందినవారిని పిలిపింపవలెను.

కాటు పడినచో గాటు పెట్టుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగించుట, ఈ మూడును హానికరములే. విషము శోషరస నాళముల గుండ ప్రాకును; కండరములు కదలినకొలది అది ముందునకు నెట్టబడును. ఈ సంగతి ఆధారముగా స్ట్రువన్ సదర్లండ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి 1979లో ఒక పద్ధతిని ప్రకటించెను. సాగెడు వెడల్పుపట్టీని కాటుపైనను, పిదప అవయవమంతటను చుట్టి, బద్ద కట్టి, రోగిని కదలనీయక 000 సంఖ్యకు ఫోను చేయవలెను. బెణికిన కాలికి కట్టునంత బిగువు చాలును. ఆసుపత్రి చేరువరకు కట్టు విప్పరాదు. కాటును కడుగను రాదు. చర్మముపై మిగిలిన విషము ఏ జాతి పామో గుర్తించుటకు వైద్యులకు తోడ్పడును.

ఈ కట్టు అన్ని కాటులకు తగదు. మన రక్తపింజర విషము కాటుచోటనే కండను పాడుచేయును. అచట దీనిని కట్టరాదు. రెడ్‌బ్యాక్ అను నల్లని సాలెపురుగు కఱచినను కట్టక, చల్లని మంచుకాపడము పెట్టవలెను. సిడ్నీ ప్రాంతపు ఫనెల్‌వెబ్ సాలెపురుగు కఱచినప్పుడు మాత్రము పాముకాటునకు వలెనే కట్టవలెను. దాని విరుగుడు 1981లో వాడుకలోనికి వచ్చినది. నాటినుండి దానివలన మరణము సంభవించినట్లు లేదు.

చెప్పులను, బూట్లను గడప వెలుపల విడుచుట తెలుగిండ్ల ఆచారము. రాత్రి బయటనున్న బూటులో సాలెపురుగు దూరుట కద్దు. అందుచే అచటి తెలుగు పిల్లలు ఉదయమున బూట్లను బోర్లించి, బాగుగా దులిపి, ఆ మీదటనే తొడుగుకొనవలెను.